తాత సాంబరు, సైకిలు చక్రం

దసరా సంచికకు పాత ఫోటోలు పంపమని కమిటీ వాళ్లు అడిగితే మేమూ అటక మీది ట్రంకుపెట్టె దించాం. అందులో దొరికిన ఒక ఫోటో గురించే ఈ పోస్టు. కొంచెం పొడుగైంది. తీరిగ్గా కూర్చుని చదువుకోండి.

ఫోటోలో మా తాత నిలబడి ఉన్నాడు. బల్లార్పూర్‌లో క్వార్టర్ ముందు, పంచె, చేతుల బనీను. పక్కన సైకిలు. వెనుక చక్రానికి ఆనించి ఒక కొమ్ము. ఒకటే. ఆ కొమ్ముకు మా ఇంట్లో ఒక కథ ఉంది. తాత పేపర్ మిల్లులో చేరిన కొత్తలో, అంటే 1950ల మొదట్లో, ఒక గోండు స్నేహితుడితో అడవికి పోయాడట. పొద్దు గూకే వేళ వెదురు పొదల అవతల గుర్రమంత సాంబరు కనపడిందట. స్నేహితుడి విల్లు తీసుకుని తాత ఒకే ఒక్క బాణం వేస్తే అక్కడికక్కడే కూలిందట. మోయడానికి ఆరుగురు కావాల్సి వచ్చిందని మా నాన్న చెప్పేవాడు. చిన్నాన్న చెప్పేటప్పటికి పదిమంది అయ్యారు. రెండో కొమ్ము ఏదని అడిగితే, స్నేహితుడి వాటాకు పోయిందనేవాళ్లు. ఆ ఒక్కటీ కూడా ఇప్పుడు లేదు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక తాతే అటవీ శాఖకు అప్పగించాడు.

ఫోటోను మా పిల్లలు ఫోనులో పెద్దది చేసి చూశారు. అక్కడే వచ్చింది గొడవ.

అప్పటి పెద్ద సైకిళ్లకు 28 అంగుళాల చక్రం, అంటే సుమారు 71 సెంటీమీటర్లు. కొమ్ము ఆ చక్రం పై అంచును కూడా అందుకోలేదు. సన్నగా, నున్నగా, వీణ మెడలా వంగి ఉంది. ముదురు సాంబరు కొమ్ము అలా ఉండదు. లావుగా, గరుకుగా ఉంటుంది, మీటరు దాటేవీ ఉంటాయి. ఇది చుక్కల దుప్పి కొమ్ము. ఇంకో సంగతి, కొమ్ము మొదట్లో గుండ్రటి బొడిపెల చుట్టు స్పష్టంగా కనిపిస్తోంది, దాని కింద ఎముక ముక్క లేదు. దుప్పులకు కొమ్ములు ఏడాదికోసారి రాలిపోతాయి, మళ్లీ మొలుస్తాయి. రాలిన కొమ్ముకే మొదలు అలా ఉంటుంది. చంపిన జంతువు నుంచి తీస్తే తలపుర్రె ముక్క అంటుకుని వస్తుంది, లేదా కోసిన గాటు ఉంటుంది. అంటే ఆ కొమ్ము ఏ బాణానికీ పడింది కాదు. అడవిలో ఏరుకున్నది.

చిన్నాన్నకు కోపం వచ్చింది. "అంటే మా నాయన అబద్ధం చెప్పిండా?" అని లేచి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మాకూ మనసు బాగాలేదు. సరదాగా మొదలుపెట్టింది ఇంటి పెద్దమనిషి మాట దగ్గరికి వచ్చి ఆగింది. అందుకే ఈ విషయం మీద దొరికినంత చదివాం.

ముందు మన ఊరి సంగతి. చాంద్రపూర్ పుట్టుకే వేటలో కంటికి నమ్మబుద్ధికాని దృశ్యంతో ముడిపడింది. 15వ శతాబ్దపు గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా అప్పటి రాజధాని బల్లార్పూర్‌లో ఉండేవాడు. ఒళ్లంతా గడ్డలు. వేటలో దాహం వేసి ఝర్పట్ వాగు ఇసుకలో ఊరే నీళ్లు తాగి, మొహం, కాళ్లుచేతులు కడుక్కుంటే మర్నాటికి గడ్డలు చాలావరకు తగ్గాయట. అచలేశ్వర్ గుడి కథ అదే. తర్వాత మరో రోజు నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు తన వేటకుక్కను తరమడం చూశాడు. కుక్క కుందేల్ని కాదు, కుందేలే కుక్కను! గుండ్రంగా తిరిగి, వంకరటింకరగా పరుగెత్తించి, చివరికి కుక్క చేతిలోనే చచ్చింది. ఆ కుందేలు తిరిగిన దారి వెంబడే కోటగోడ కట్టమని రాణి చెప్పిందట. మనం రోజూ జట్‌పురా గేటు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటున్నామంటే పుణ్యం ఆ కుందేలుదే. 1869లో మేజర్ లూసీ స్మిత్ చాందా జిల్లా సెటిల్‌మెంట్ నివేదిక రాసినప్పుడు ఈ గోండు రాజుల గాథలనూ చేర్చాడు. కుందేలు ఎంత ఉందో ఎవరూ చెప్పలేదు. వినే మన మనసులో మాత్రం అది మేకంత అవుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అడవిలో జంతువు సైజు ఎందుకు తప్పు పడుతుంది? పోయిన చలికాలం మేము తాడోబా సఫారీకి వెళ్లినప్పుడు మాకే జరిగింది. గడ్డిలో గోధుమరంగు జంతువు కనిపిస్తే "దుప్పి పిల్ల" అన్నాం. గైడు నవ్వి "భేకర్, పూర్తిగా పెరిగినదే" అన్నాడు. మొరిగే జింక అన్నమాట. అది భుజం దగ్గర 50 నుంచి 70 సెంటీమీటర్లు, 20–30 కిలోలు ఉంటుంది. చుక్కల దుప్పి మగది 90 సెంటీమీటర్ల దాకా, బరువు 70–90 కిలోలు. సాంబరు మగది 130 సెంటీమీటర్లు కూడా ఉంటుంది, బరువు రెండు వందల కిలోలు దాటుతుంది. నాలుగు కొమ్ముల చౌసింగా మళ్లీ భేకరంతే. మరాఠీ వాళ్లు రోహీ అనే మనుబోతు సాంబరంత ఎత్తు. మన నోట్లో వీటిలో సగం జంతువులకు దుప్పి, జింక అన్న రెండే మాటలు. పేరే కలిసిపోతే కన్ను మాత్రం ఏం చేస్తుంది? పైగా గడ్డి కాళ్లను దాచేస్తుంది, పక్కన మనిషో చెట్టుమానో లేకపోతే కొలతకు ఆధారం ఉండదు, సంధ్యవేళ చుక్కలు కనిపించవు. చుక్కలు కనిపించకపోతే చితల్, సాంబరు నీడలు ఒకటే.

తుపాకీ పట్టిన వాడికి ఈ తప్పు వల్ల పెద్ద నష్టం లేదు. విల్లు పట్టిన వాడికి అదే ప్రాణం. ఎందుకంటే విలుకాడు దూరాన్ని కొలిచేది జంతువు సైజుతోనే. ఇంత పెద్ద దుప్పి ఇంత చిన్నగా కనిపిస్తోందంటే ఇంత దూరంలో ఉందని కన్ను లెక్క కడుతుంది. బాణం తిన్నగా పోదు, పోతూ పోతూ కిందికి దిగుతుంది. వెదురు విల్లు నుంచి బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. 20 మీటర్లు పోవడానికి అర సెకను. ఆ అర సెకనులో మీటరుకు పైగా దిగుతుంది. 30 మీటర్లకైతే రెండున్నర మీటర్లు దాటుతుంది. అందుకే దూరాన్ని బట్టి పైకెత్తి కొట్టాలి.

మా పిల్లవాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడే లెక్క వేసి ఇచ్చాడు. 20 మీటర్లలో ఉన్న భేకర్‌ను చుక్కల దుప్పి అనుకుంటే అది 28 మీటర్ల దూరంలో ఉన్నట్టు తోస్తుంది. అంత ఎత్తి కొడితే బాణం అర మీటరు పైనుంచి పోతుంది. భేకర్ మొరుగుతూ పారిపోతుంది, ఎవరికీ హాని లేదు. తిరగేసి చూడండి. 25 మీటర్లలో ఉన్న 130 సెంటీమీటర్ల సాంబరును 85 సెంటీమీటర్ల చుక్కల దుప్పి అనుకుంటే, 16 మీటర్లలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. బాణం గురిపెట్టిన చోటుకు 65 సెంటీమీటర్లు కింద తగులుతుంది. అంటే గుండెకు కాదు, కాలికి.

ఈ లెక్క చూసి మేము కాసేపు మాట్లాడలేదు. ఎందుకో కింద చెప్తాం.

విల్లుతో బతికిన వాళ్లకు ఇది కాగితం మీద కాదు, ఒంటిలోనే తెలుసు. వాళ్ల ఉపాయం దూరాన్ని సరిగ్గా అంచనా వేయడం కాదు, దూరమే లేకుండా చేసుకోవడం. మధ్య భారత అడవుల్లో వెదురు విల్లు, నారి కూడా చాలాచోట్ల వెదురు బద్దే. నీళ్ల దగ్గర కాపు కాయడం, గుంపుగా తరమడం, కుక్కలను వదలడం, ఇవన్నీ పది పదిహేను అడుగుల్లోకి రప్పించుకునే పద్ధతులు. అమెరికాలో ఇషీ అనే యాహి తెగ మనిషి, తన వాళ్లంతా పోయాక ఒక్కడే మిగిలినవాడు, డాక్టర్ సాక్స్‌టన్ పోప్‌కు విలువిద్య నేర్పాడు. ఆయన కూడా కుందేలు బాధతో అరిచినట్టు అరిచి జంతువుల్ని దగ్గరికి పిలిచేవాడు. ఆ దేశపు విలువేటగాళ్లలో ఇప్పటికీ ఒక నానుడి ఉంది, దూరం నుంచి పెద్దగా కనిపించిన దుప్పి నేల మీద పడ్డాక కుంచించుకుపోతుందని. మా ఇంట్లో మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగింది.

మన తెలుగు వాళ్లలో విల్లు అనగానే నల్లమల చెంచులు గుర్తొస్తారు. హైమెండార్ఫ్ 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. విల్లంబులు చేతిలో ఉన్నా వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలు, దుంపలు, పండ్లేనని అందులో ఉంది. వేట మాంసం అప్పుడప్పుడే. ఆయనే 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద రాశాడు. వాళ్లు అప్పటికే నాగలి పట్టిన రైతులు. వార్ధా, పెన్‌గంగలకు ఇవతల మన వైపున ఉన్నవాళ్లూ ఆ బంధువర్గమే. "గోండులంటే వేటగాళ్లు" అని మన ఇళ్లలో తేలిగ్గా అనేస్తాం. కోటలు కట్టి, చెరువులు తవ్వించి, శతాబ్దాలు ఏలిన వాళ్ల గురించి ఆ మాట అనడం మాకు నచ్చదు.

బ్రిటిష్ వాళ్లు వచ్చాక, ముఖ్యంగా 1878 అటవీ చట్టం తర్వాత, రిజర్వు అడవిలో వేట నియమాల కిందికి వెళ్లింది. విల్లు పట్టిన గోండు దొంగవేటగాడు, పర్మిటు పట్టిన దొర షికారీ. ఆ దొరల సైజు పిచ్చి వేరు. లండన్‌లో జంతుచర్మాలు కూరి బొమ్మలు చేసే రోలాండ్ వార్డ్ 1892 నుంచి పెద్ద జంతువుల రికార్డుల పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. ఎవరి కొమ్ము ఎన్ని అంగుళాలని అందులో పోటీ. పులినైతే ఒంపులమీదుగా టేపు పట్టి కొలిస్తే ఒక పొడవు, ముక్కుకు, తోకకు మేకులు కొట్టి మధ్య దూరం కొలిస్తే ఇంకో పొడవు వస్తుంది. ఏ పద్ధతి ఎంచుకునేవాళ్లో ఊహించుకోండి. తాడోబాలో వేట 1935లో పూర్తిగా ఆగింది. 1955లో జాతీయ పార్కు అయింది. మా తాత వెళ్లింది ఆ పార్కు లోపలికి కాదని మా నమ్మకం. పర్మిటు ఉందా అని మాత్రం అడగకండి.

మన పురాణాల్లోనూ బాణం తప్పులు తక్కువ కాదు. దశరథుడు కుండలో నీళ్ల చప్పుడును ఏనుగు అనుకున్నాడు. పాండురాజు జింక అనుకుని ముని కిందముణ్ణి కొట్టాడు. జరుడనే బోయ కృష్ణుడి పాదాన్ని జింక అనుకున్నాడు. ముగ్గురూ జీవిని తప్పు పట్టారు. కొలత తప్పు పట్టిన వాడి కథ మాకు కనిపించలేదు. బహుశా అలాంటి తప్పుకు శాపం ఉండదు కాబట్టి కథ కూడా పుట్టలేదేమో.

ఇంతా చదివాక, చివరికి చేయాల్సిన పని చేశాం. మా మేనత్త దగ్గరికి వెళ్లాం. ఎనభై దాటింది, సిరోంచలో ఉంటుంది. (సిరోంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాలో ఉండి 1874లో చాందాలో కలిసింది, 1982 నుంచి గడ్చిరోలి. అక్కడ ఇప్పటికీ బజారులో తెలుగు వినిపిస్తుంది.) ఫోటో చూపించి, కొమ్ము సంగతి చెప్పి, చిన్నాన్న అలిగిన సంగతీ చెప్పాం. అత్త ఫోటోను చాలాసేపు కళ్లకు దగ్గరగా పెట్టుకుంది.

"సాంబరు నిజమేరా" అంది. "పడింది అబద్ధం."

తాత దాన్ని చుక్కల దుప్పి అనుకున్నాడట. దగ్గరే ఉందనుకున్నాడు. స్నేహితుడు చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడట, పెద్దది, దూరం అని. తాతకు గోండి రాదు, ఆయనకు తెలుగు అంతంతే. అర్థమయ్యేలోపు బాణం వెళ్లిపోయింది. జంతువు కదిలాక గానీ అదెంత పెద్దదో తాతకు తెలియలేదు. ముందరి కాలు ఈడ్చుకుంటూ వెదురులోకి పోయింది. చీకటి పడేదాకా నెత్తురు మరకలు పట్టుకుని వెతికారు. తెల్లారి తాత డ్యూటీ ఎగ్గొట్టి మళ్లీ వెళ్లాడు. స్నేహితుడూ వచ్చాడు. మధ్యాహ్నం దాకా తిరిగారు, దొరకలేదు. తిరిగొస్తుంటే దారిలో ఆ రాలిన కొమ్ము కనపడితే స్నేహితుడే తీసి తాత చేతిలో పెట్టాడట. తాత మళ్లీ విల్లు ముట్టుకోలేదు.

మరి కూలిందన్న కథ ఎవరు పుట్టించారని అడిగాం. తాత మాత్రం కాదంది అత్త. గోడ మీద కొమ్ము చూసి వచ్చినవాళ్లు "కొట్టినవా?" అని అడిగేవాళ్లట, తాత ఊరుకునేవాడట. ఆ ఊరుకోవడంలోంచి మిగతాది మా నాన్నా చిన్నాన్నా తయారు చేశారు. చిన్నప్పుడు వాళ్లిద్దరూ బళ్లో చెప్పుకోవడానికి.

చిన్నాన్నకు ఫోను చేసి అత్త మాటలు చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సాంబరు నిజమే అన్నదిగా" అన్నాడు. ఆరుగురు మోసిన సంగతి మాత్రం ఆయన ఇంకా వదల్లేదు.

ఫోటో కమిటీకి పంపాం. కింద "బల్లార్పూర్, 1950లు. రాలిన చుక్కల దుప్పి కొమ్ముతో" అని రాశాం. ఆ గోండు స్నేహితుడి పేరు అత్తకు గుర్తు రాలేదు. మిల్లుకు వెదురు తెచ్చే బండ్లతో వచ్చేవాడని మాత్రం చెప్పింది. అప్పట్లో వెదురు యార్డులో పనిచేసిన వాళ్లు మీ ఇళ్లలో ఎవరైనా ఉంటే దయచేసి ఒకసారి అడిగి చూడండి. పేరు దొరికితే సంచిక అచ్చుకు పోయేలోపు ఫోటో కింద చేర్చాలని ఉంది.