అక్షరం లేని భుజంబిళ్ళ

గోనెగండ్లలో మా ఇంటి ట్రంకుపెట్టెలో నలభై దాకా సైనికుల భుజంబిళ్ళలు ఉన్నాయి. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1945-46లో, ఆగ్నేయాసియా దేశాల్లో దిగిన బ్రిటిష్ ఇండియన్ డివిజన్ల గుర్తులవి. త్రికోణంలోంచి అడుగు బయటికేసే పులి 26వ డివిజన్‌ది; అది సుమత్రా వెళ్ళింది. కత్తి పట్టిన చేయి సైగాన్ వెళ్ళిన 20వ డివిజన్‌ది. కోడిపుంజు జావా వెళ్ళిన 23వ డివిజన్‌ది. వీటిమీద అంకె లేదు, అక్షరం లేదు. దళం పేరు శత్రువుకు తెలియకూడదు, చదువురాని సిపాయికి మాత్రం తెలియాలి. ఆ అవసరానికి పనికొచ్చిన బొమ్మలివి.

సేకరించేవాళ్ళ లెక్క వేరు. బిళ్ళ అరుదైనదా, నేసిందా కుట్టిందా, రంగు వెలిసిందా అని చూస్తారు. నేనూ చాలాకాలం అంతే చూశాను. ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి గనుక దారం చూసి అసలుదో నకిలీదో చెప్పగలనన్న గర్వం కూడా ఉండేది.

మా వీధిలో ఒక పెద్దాయన యుద్ధంలో లారీ తోలాడు. ఆయన పాత కోటు భుజాన కోడిపుంజు ఉండేది. అడగ్గానే కోటు ఇచ్చేశాడు. నేను కుట్లు విప్పి బిళ్ళ తీసుకుని, చిరిగిన కోటు పారేశాను. “యుద్ధం ఐపాయనంటిరి నాయనా. జావాలో దిగితే మళ్లా మొదలాయ. ఆడోళ్ళూ మన మాదిరే మళ్ళు జేసుకునేటోళ్ళే” అన్నాడాయన. బిళ్ళ చేతికొచ్చిన సంబరంలో ఆ మాట వెంట ఇంకో ప్రశ్న వెయ్యలేదు. వేద్దామనుకునేసరికి ఆయన లేడు.

చరిత్ర ఆ ప్రశ్నకు కొంత జవాబు చెబుతుంది. 1945 ఆగస్టు 17న సుకర్ణో, హట్టా ఇండొనేషియా స్వాతంత్ర్యాన్ని ప్రకటించారు. సెప్టెంబరు చివర బ్రిటిష్ సేనలు జకార్తాలో దిగాయి. జపాన్ సైన్యాన్ని నిరాయుధం చేయడం, బందీలను విడిపించడం పైకి చెప్పిన పని. డచ్చి పాలన తిరిగి రావడానికి దారి వేయడం లోపల జరిగిన పని. అక్టోబరు 25న 23వ డివిజన్‌కు చెందిన 49వ బ్రిగేడు సురబయాలో దిగింది. 30న దాని అధిపతి మాలబీ హతుడయ్యాడు. నవంబరు 10న 5వ ఇండియన్ డివిజన్ ఆ నగరం మీద దాడికి దిగింది. ఇండొనేషియా ప్రజలకు నేటికీ అది వీరుల దినం.

అదే నవంబరు 5న ఢిల్లీ ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ మొదలైంది. దేశమంతా వాళ్ళ కోసం కదులుతుంటే, మన సిపాయిల చేతనే సామ్రాజ్యవాదం మరొక జాతి స్వాతంత్ర్యాన్ని అణిచే పని చేయించింది. మరోవైపు ఆస్ట్రేలియా రేవుల్లో కార్మికులు డచ్చి ఓడలకు పని బహిష్కరించినప్పుడు భారతీయ నావికులూ వారితో చేరారు. జావాలో దిగిన సిపాయి, ఓడ దిగిపోయిన నావికుడు ఇద్దరూ పేదింటి బిడ్డలే. తేడా పుట్టుకలో లేదు. ఒకడికి పక్కన సంఘం ఉంది, ఇంకొకడికి పైన ఆజ్ఞ ఉంది.

మన సాహిత్యం జైలుకు వెళ్ళినవాడి గురించి రాసింది. కరువుసీమలో నెలజీతం కోసం, కడుపునిండా తిండి కోసం పటాలంలో చేరి, తనలాంటి రైతు మీదికి పంపబడినవాడి గురించి ఎంత రాసింది? అతణ్ణి వీరుడనడం అబద్ధం. ద్రోహి అని కొట్టిపారేయడం, పంపినవాణ్ణి వదిలేయడమే.

రచయిత మిత్రులకు నా మనవి ఒకటే. పల్లెల్లో ఇంకా ఏ దూలానికో ఇలాంటి కోటు వేలాడుతుండవచ్చు. బిళ్ళ ఒక్కటే విప్పి తెచ్చుకోకండి. కోటు ఎవరిదో, అతను ఎందుకు వెళ్ళాడో, ఇంటికొచ్చి ఏమన్నాడో ఆ ఇంటివాళ్ళను అడిగి రాసుకోండి. నా పెట్టెలో కోడిపుంజు ఉంది. ఆ పెద్దాయన చెప్పగలిగిన కథ లేదు.