హార్మోనికా రీడ్ల పనిముట్లు: పదును, సంరక్షణ

మౌత్ ఆర్గాన్‌గా మనకు తెలిసిన హార్మోనికాలో, గాలికి కంపించి స్వరమిచ్చే లోహపు పట్టీలైన రీడ్లను శ్రుతి చేయడానికి వాడే చిన్న చేతి పనిముట్లు ఇవి. గీకే ఉలి, సన్నని ఆకురాయి, రీడు కింద ఆనించే లోహపు రేకు వీటిలో ముఖ్యమైనవి.

పది రంధ్రాల డయాటోనిక్ హార్మోనికాలో 20 రీడ్లుంటాయి. జర్మనీకి చెందిన హోనర్ సంస్థ 1896లో తెచ్చిన మెరైన్ బ్యాండ్‌లో అవి ఇత్తడివి. రీడును కొన దగ్గర గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. రీడును బిగించిన రివెట్ దగ్గర గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది. మొద్దుబారిన ఉలి లోహాన్ని కోయకుండా జారి లోతైన గాటు పెడుతుంది. రీడు ఆ గాటు దగ్గరే విరిగే ప్రమాదం ఉంది.

అరిగిన చిన్న స్క్రూడ్రైవర్‌ను కూడా గీకే ఉలిగా మలచుకోవచ్చు. సానచక్రంపై అరగదీసేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. కొన నీలం రంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. ఆ మేర అరగదీసి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత నూనె సానరాయిపై రుద్ది, అంచున లేచిన సన్నటి పొరను తీసేయాలి.

ఆనించే రేకును సందులు కొలిచే పలుచని రేకుల ఫీలర్ గేజ్ నుంచి కత్తిరించుకోవచ్చు. దాని అంచులు నున్నగా లేకపోతే రీడు ఆడే సందు గీసుకుపోతుంది.

ఆకురాయి పళ్లలో ఇత్తడి పొడి ఇరుక్కుంటే అది కోయడం మానేస్తుంది. తీగల బ్రష్‌తో పళ్ల వాటంగా దులపాలి. ముందే సుద్ద పూస్తే పొడి అంతగా అంటదు. పనిముట్లకు తుప్పు పట్టకుండా రాసిన నూనెను పనికి ముందు పూర్తిగా తుడవాలి. రీడుకు నూనె అంటితే దుమ్ము చేరి శ్రుతి తప్పుతుంది.