గ్యాసు లాభాలతో కట్టిన మ్యూజియం

మొన్న లంచ్ టైములో కబుర్లు మెల్లగా ఫెయిలైన ప్రాజెక్టుల మీదకి మళ్ళాయి. "బర్మింగ్‌హామ్ కౌన్సిల్ ఒరాకిల్ దెబ్బకి దివాళా తీసిందంట కదన్నా!" అన్నాడు మా టీములో ఓ కుర్రాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పదేళ్ళుగా ఈఆర్‌పీ ప్రాజెక్టుల్లోనే బతుకుతున్నవాణ్ణి, ఆ నవ్వు గొంతులో కొంచెం అడ్డం పడింది. ఇంటికొచ్చి ఈ కథ మొదట్నుంచీ చదివాను. తేలిందేంటంటే, ఇది ఒరాకిల్‌తో మొదలవలేదు. 1873లో మొదలైంది.

ఆ ఏడాది బర్మింగ్‌హామ్ మేయరైనవాడు జోసెఫ్ చాంబర్లేన్. స్క్రూల వ్యాపారంలో బాగా సంపాదించిన మనిషి. అప్పట్లో ఊరికి గ్యాసూ నీళ్ళూ ప్రైవేటు కంపెనీలు అమ్మేవి. 1875లో గ్యాసు కంపెనీల్నీ, 1876లో నీళ్ళ కంపెనీనీ ఊరి తరఫున కొనిపించాడు. గ్యాసు మీద లాభం తీసి ఊరికి ఖర్చు పెట్టొచ్చు, నీళ్ళ మీద మాత్రం లాభం చూడకూడదు.. ఇదీ ఆయన లెక్క.

ఆ ఊరి మ్యూజియం కథ వింటే ఈ లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. లైబ్రరీలకీ మ్యూజియాలకీ పన్నుల సొమ్ము ఇంతకు మించి వాడకూడదని అప్పట్లో చట్టం ఉండేది. దాంతో కౌన్సిల్ గ్యాసు విభాగానికి ఆఫీసు కడుతూ, దాని పైన మ్యూజియం కట్టేసింది. డబ్బులు గ్యాసు లాభాలవి. 1885లో తెరిచారు. ఆ తర్వాత 1904లో వేల్స్ కొండల నుంచి 73 మైళ్ళ కాలువలో, పంపులేవీ లేకుండా వాలు మీదే ఊరికి నీళ్ళు తెచ్చుకున్నారు. 1920లో సొంత ఆర్కెస్ట్రా పెట్టి దానికి కౌన్సిల్ డబ్బిచ్చారు.

తర్వాత ఏమైంది? 1948లో కరెంటు, 1949లో గ్యాసు జాతీయం చేశారు. 1974లో నీళ్ళూ చేజారాయి. అంటే సంపాదించే శాఖలన్నీ పోయి, ఖర్చు పెట్టే శాఖలు మిగిలాయి. ఇక ఇంటి మీద వేసే కౌన్సిల్ టాక్సూ, లండన్ నుంచొచ్చే గ్రాంట్లే ముఖ్య ఆధారం. టాక్సు హద్దు మీరి పెంచాలంటే రెఫరెండం పెట్టాలి. 2010 తర్వాత గ్రాంట్లు కోసుకుంటూ పోయారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, దీని మీద ఇంకోటి. కౌన్సిల్లో చెత్త ఎత్తే పనివాళ్ళకి, రోడ్ల పనివాళ్ళకి (ఎక్కువ మంది మగవాళ్ళే) బోనసులుండేవి. అదే గ్రేడులో ఉన్న వంటవాళ్ళకి, క్లీనర్లకి, ముసలివాళ్ళని చూసుకునే వాళ్ళకి (ఎక్కువ మంది ఆడవాళ్ళే) ఉండేవి కావు. వాళ్ళు కోర్టుకెక్కి గెలిచారు. 2012లో సుప్రీంకోర్టు, ఉద్యోగం మానేసిన వాళ్ళు కూడా మామూలు కోర్టుల్లో దావా వేసుకోవచ్చంది. బకాయిలు కట్టడానికి కౌన్సిల్ 2015లో తన ఎగ్జిబిషన్ సెంటర్ వ్యాపారాన్ని 30.7 కోట్ల పౌండ్లకి అమ్మేసింది. అయినా 2023 జూన్‌లో లెక్క తీస్తే ఇంకో 65 నుంచి 76 కోట్ల పౌండ్లు బాకీ ఉండొచ్చని చెప్పింది!

ఇప్పుడొస్తాడు మన హీరో. పాత శాప్ తీసేసి ఒరాకిల్ ఫ్యూజన్ పెట్టారు, 2022 ఏప్రిల్‌లో గో-లైవ్. సుమారు 2 కోట్ల పౌండ్లలో అయిపోతుందనుకున్నది, ఏడాది తిరిగేసరికి 10 కోట్ల దాకా పోతుందన్నారు. జబ్బు మనకి తెలిసిందే. సాఫ్ట్‌వేరుకి తగ్గట్టు పద్ధతులు మార్చుకోకుండా, పద్ధతులకి తగ్గట్టు సాఫ్ట్‌వేర్‌ని కస్టమైజ్ చేయించారు. బ్యాంకు రీకన్సిలియేషన్ పనిచెయ్యలేదు. బ్యాంకులో పడ్డ డబ్బు ఏ ఖాతాదో మనుషులు కూర్చుని చేత్తో పోల్చుకోవాల్సొచ్చింది.

2023 సెప్టెంబరు 5న సెక్షన్ 114 నోటీసు ఇచ్చారు. మనవాళ్ళు దివాళా అంటున్నది దీన్నే. నిజానికి అక్కడి చట్టంలో కౌన్సిల్ దివాళా తియ్యదు. చట్టం తప్పనిసరి చేసిన సేవలు తప్ప కొత్త ఖర్చులు ఆగిపోతాయంతే. కాబట్టి కత్తి ముందుగా పడేది తప్పనిసరి కాని వాటి మీద. 2024 మార్చి బడ్జెట్ చూడండి.. రెండేళ్ళలో సుమారు 30 కోట్ల పౌండ్ల కోత, ఆ ఏడాది కౌన్సిల్ టాక్సు 9.99 శాతం పెంపు (దీనికి గవర్నమెంటు ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది). కుర్రాళ్ళ కోసం నడిపే సేవలకి కోత, వీధి దీపాల వెలుతురు తగ్గింపు, చెత్తబండి రెండు వారాలకోసారి. 1920 నాటి ఆ ఆర్కెస్ట్రాతో సహా పెద్ద కళా సంస్థలకిచ్చే గ్రాంటు రెండో ఏడాదికి సున్నా.

కాబట్టి ఒరాకిల్ ఒక్కటే ముంచిందనడం తప్పు. తిలాపాపం తలా పిడికెడు. అలాగని మన పిడికెడు చిన్నదేం కాదు. ఆ 76 కోట్ల అంచనా ఎక్కువేసి చెప్పారనీ, అంత కోత అక్కర్లేదనీ వాదించిన వాళ్ళున్నారు. కానీ వాదించాలంటే నమ్మదగిన పద్దులుండాలి కదా? లెడ్జరే సరిగ్గా లేనప్పుడు, "ఈ లైబ్రరీ ముయ్యకపోతే కొంపలు మునుగుతాయా?" అని అడిగేవాడికి జవాబెక్కణ్ణుంచి వస్తుంది? డబ్బు పోవడం ఒక నష్టం. ఎంత పోయిందో అడిగే హక్కు పోవడం రెండో నష్టం. నా దృష్టిలో ఈ రెండోదే పెద్దది.

ఇంకోటి కూడా మింగుడు పడలేదు. బాకీ పడింది వంట చేసిన, ముసలివాళ్ళని చూసుకున్న ఆడవాళ్ళకి. దాని పేరు చెప్పి కోసింది వాళ్ళూ వాళ్ళ పిల్లలూ వాడుకునే సేవల్ని. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కోవడం కాదూ?

మా ప్రాజెక్టులోనూ గో-లైవ్ దగ్గర పడుతోంది. రీకన్సిలియేషన్ టెస్టు కేసులు ఇంకా సగం మిగిలున్నాయి, "తర్వాత చూసుకుందాం" అంటున్నారు. సోమవారం ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పి, తర్వాత వాడూ నేనూ కలిసి వెళ్ళి మేనేజర్‌తో గొడవ పెట్టుకోవాలి.