సెల్టిక్ క్లబ్బు: 1966-67 క్రీడావత్సరము

గ్లాస్గో నగరపు తూర్పుపేటలలో, ఐర్లండునుండి వలసవచ్చిన నిరుపేద కుటుంబముల బిడ్డలకు అన్నము పెట్టుటకై ధనము కూర్చవలెనను సంకల్పముతో బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అను మారిస్టు సన్న్యాసి 1887లో నెలకొల్పిన ఫుట్‌బాల్ సంఘమే సెల్టిక్. 1966-67 క్రీడావత్సరమున ఈ సంఘము స్కాటిష్ లీగు, స్కాటిష్ కప్పు, లీగ్ కప్పు, గ్లాస్గో కప్పు, యూరోపియన్ కప్పు అను అయిదు పోటీలలో పాల్గొని, అయిదింటను గెలిచెను. అంతకుముందు యూరోపియన్ కప్పు పదునొకండు పర్యాయములును స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దేశములనే వరించియుండగా, దానిని బ్రిటనునకు మొదట కొనివచ్చినది సెల్టిక్ జట్టే. తుదియాటకు దిగిన పదునొకండుగురును తమ క్రీడాంగణమైన సెల్టిక్ పార్కునకు ముప్పదిమైళ్ల లోపల పుట్టినవారే యగుట ఈ విజయమునకు గల విశేషములలో నెల్ల గొప్పది.

దీనికి మూలపురుషుడు జాక్ స్టెయిన్. లానార్క్‌షైర్ బొగ్గుగనులలో పనిచేసి, పిమ్మట సెల్టిక్ ఆటకాడై, 1954లో లీగును, కప్పును జంటగా గెలిచిన జట్టునకు సారథ్యము వహించిన యీతడు 1965 మార్చిలో మేనేజరై మరలివచ్చునాటికి, ఆ 1954 తరువాత క్లబ్బునకు లీగు మరల దక్కియుండలేదు. వచ్చిన రెండునెలల లోపలనే స్కాటిష్ కప్పును, మఱుసటి యేట లీగును సాధించి చూపెను. బంతి తమవద్ద నున్నంతసేపు జట్టంతయు ముందునకు సాగవలెననుట ఆయన సిద్ధాంతము. కుడియెడమల అంచులు కాచు రక్షకులైన క్రెయిగ్, గెమ్మెల్ సైతము ప్రతిపక్షపు గోలుదాక పరుగులెత్తుచుండిరి. ఇట్టి యాటకు వలసిన ఊపిరియు, ఒండొరులపై విశ్వాసమును, 1966 వేసవిలో ఉత్తర అమెరికాయం దొక్క యాటయు నోడక వారములకొలది కలసిమెలసి పర్యటించుటవలననే కుదిరినవని చెప్పవచ్చును.

స్వదేశమున మొదటి ఫలము శీఘ్రముగనే చేతికందెను. అక్టోబరు 29న లెనాక్స్ చేసిన గోలుతో చిరకాల ప్రత్యర్థియైన రేంజర్సును 1-0గా గెలిచి లీగ్ కప్పును, నవంబరు 7న పార్టిక్ థిసిల్‌ను 4-0గా గెలిచి గ్లాస్గో కప్పును కైవసము చేసికొనిరి. డిసెంబరు 24న అబర్డీనులో సెల్టిక్ ఆటకాడు జో మెక్‌బ్రైడ్ మోకాలు చెడెను. అప్పటికే 35 గోలులు చేసియున్న ఆ యోధుడు ఆ యేట మరల ఆడలేదు. యూరోపియన్ కప్పు తుదియాట జరిగిన లిస్బనులో ఆడిన వారి పేర్లు గుర్తుంచుకొనువారు ఈతనిని మఱచుట న్యాయము గాదు. ఆ నెలలోనే హార్ట్స్ క్లబ్బునుండి తెచ్చిన విల్లీ వాలెస్ ఆ కొఱతను తీర్చెను. ఏప్రిల్ 29న అబర్డీనుపై 2-0గా గెలిచిన స్కాటిష్ కప్పు తుదియాటలో గోలులు రెండును ఈతనివే. లీగునందు 34 ఆటలలో 26 గెలిచి, 6 సమముగా ముగించి, 58 పాయింట్లతో అగ్రస్థాన మందిరి. ఓడిన రెండాటలును డండీ యునైటెడ్ చేతిలోనే, రెండును 3-2గా. మే 6న రేంజర్సు సొంతగడ్డయైన ఐబ్రాక్సులో, జోరువానలో, జిమ్మీ జాన్‌స్టన్ రెండు గోలులు చేయగా, 2-2 సమఫలితముతో లీగు ఖాయమయ్యెను. ఎడమకాలితో జాన్‌స్టన్ కొట్టిన రెండవ గోలును చూచిన ప్రేక్షకులలో, యూరోపియన్ కప్పు తుదియాటలో సెల్టిక్‌ను ఎదుర్కొననున్న ఇంటర్ మిలాను శిక్షకుడు హెలెనియో హెరెరా యొకడు.

యూరపునందు జూరిచ్, నాంట్ జట్లు సెల్టిక్‌ను నిలువరింపజాలలేదు. అసలు గండము యుగోస్లావియా జట్టయిన వొయ్‌వొదినా. నోవిసాదులో 0-1గా ఓడి వచ్చిన సెల్టిక్, మార్చి 8న ఇంట చామర్సు గోలుతో లెక్క సరిచేసినను, తటస్థక్షేత్రమున మూడవ యాట తప్పదని యందఱును భావించుచుండ, చిట్టచివరి నిమిషమున గలాఘర్ వేసిన కార్నర్ కిక్కునకు సారథి బిల్లీ మెక్‌నీల్ మింటికెగసి తలతో బంతిని గోలులోనికి పంపెను. ఆ క్షణమే లేకున్న లిస్బను లేదు. ఉపాంత్యమున డుక్లా ప్రాగును ఇంట 3-1గా గెలిచిన పిమ్మట, ప్రాగులో స్టెయిన్ తన సిద్ధాంతమునే ప్రక్కనబెట్టి, చామర్సు నొక్కనిని ముందుంచి, తక్కినవారినెల్ల రక్షణకు నిలిపి 0-0గా గట్టెక్కెను. ఫలము దక్కినను ఆ పద్ధతి ఆయనకే రుచింపలేదు.

మే 25న లిస్బనులోని జాతీయ క్రీడాంగణమున జరిగిన తుదియాటలో, సాయంకాలపు టెండలో, 1964, 1965 సంవత్సరముల విజేతయైన ఇంటర్ మిలాను ఎదుట నిలిచెను. ఆ జట్టు పద్ధతి పేరు కతెనాచ్చో, అనగా తలుపుగడియ. ఒక గోలు చేసి గడియ బిగించుటయే దాని మర్మము. ఏడవ నిమిషమున క్రెయిగ్ చేసిన తప్పిదమునకు పెనాల్టీ లభింపగా, మత్సోలా దానిని గోలుగా మలచెను. పిమ్మట ఇంటర్ వెనుకకు తగ్గెను. సెల్టిక్ కెరటము వెంట కెరటముగా విఱుచుకుపడెను. ఆల్డ్, గెమ్మెల్ కొట్టిన బంతులు గోలు అడ్డకఱ్ఱకు తగిలి మరలెను. గోలుకీపరు సార్తి ఎన్నియో దెబ్బలను కాచెను. 63వ నిమిషమున, పెనాల్టీకి కారకుడైన ఆ క్రెయిగే బంతిని ప్రక్కకు జాఱవిడువగా, ఎడమవైపు రక్షకుడు గెమ్మెల్ దూరమునుండి కొట్టి స్కోరు సమము చేసెను. ఒక రక్షకుడు అందీయగా మఱియొక రక్షకుడు గోలు చేయుట స్టెయిన్ సిద్ధాంతమునకు ప్రత్యక్ష నిదర్శనము. ఇంక ఆఱునిమిషము లుండగా మర్డాక్ కొట్టిన బంతిని చామర్సు దారి మళ్లించి 2-1 చేసెను.

ఆట ముగియగనే జనము మైదానము నాక్రమించెను. కొందఱు ఆటగాండ్రు తమ కట్టుడుపండ్లను 36 ఏండ్ల గోలుకీపరు సింప్సన్ టోపీలో దాచి, ఆ టోపీని గోలు వలలో నుంచియుండిరి. ఆ సందడిలో అది పోవునేమోయని వెదకుకొనుటకు పరుగిడవలసివచ్చెను. జట్టు వెళ్లుటకు దారిలేక, మెక్‌నీల్ ఒక్కడే జనసమూహము నడుమ వేదికనెక్కి కప్పును తలపై కెత్తెను.

పదమూడు దినముల పిమ్మట, జూన్ 7న, రియల్ మాడ్రిడు పూర్వపు ఆటకాడు డి స్తెఫానో గౌరవార్థము మాడ్రిడులో జరిగిన ఆటలో సెల్టిక్ రియల్ మాడ్రిడును లెనాక్స్ గోలుతో 1-0గా గెలిచెను. ఆనాడు జాన్‌స్టన్ బంతితో ప్రత్యర్థులను తప్పించుకొనిపోయిన ప్రతిసారియు స్పెయిను ప్రేక్షకులు, తమ జట్టు ఓడుచున్నను, "ఓలే" యని కేకలిడిరి.