జేడ్‌కు వచ్చిన ఉత్తరం

లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన బెర్మండ్సే అని ఒక పాత కార్మికవాడ. 1981లో జేడ్ గూడీ అక్కడ పుట్టింది. తండ్రి మత్తుమందులకు బానిసై జైళ్ళ పాలైనవాడు. జేడ్‌కు ఐదేళ్ళప్పుడు మోటారు సైకిలు ప్రమాదంలో తల్లికి ఒక చేయి పడిపోయింది. ఆనాటి నుంచి అమ్మకు ఆ పిల్లే అమ్మ అయింది.

2002లో బిగ్ బ్రదర్ అనే టీవీ కార్యక్రమపు ఇంట్లోకి వెళ్ళేనాటికి ఆమె పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. తన దేశంలోదే అయిన ఈస్ట్ ఆంగ్లియాను పరదేశం అనుకుంది. జనం విరగబడి నవ్వారు. పత్రికలు ఆమె ఒంటినీ, మాటనీ, చదువునీ ఎగతాళి చేశాయి. ఆ నవ్వుల మీదే ఆమెకు డబ్బూ పేరూ వచ్చాయి, ఆమె పేరుతో ఒక సెంటు కూడా అమ్మకానికి వచ్చింది. 2007 జనవరిలో అదే కార్యక్రమపు మరో ఆటలో మన సినీనటి శిల్పాశెట్టిని జాతి పేరుతో కించపరిచింది. ప్రసారాల నియంత్రణ సంస్థకు 44,000కు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. సెంటు సీసాలు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. ఆమె చేసింది చిన్న తప్పేమీ కాదు. కానీ అంతకాలం ఆమె నోటిదురుసును అమ్ముకుని బతికినవాళ్ళే ముందుగా రాళ్ళెత్తడం నాకు మింగుడుపడదు.

మరుసటి ఏడు ఆగస్టులో, ఆ కార్యక్రమానికి ఇక్కడి రూపమైన, శిల్పాశెట్టి నడిపిన బిగ్ బాస్‌లో పాల్గొనడానికి ఇండియా వచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఒకటి రెండు రోజులకే లండన్ నుంచి డాక్టరు కబురు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. అయినవాళ్ళెవరూ పక్కన లేరు, చుట్టూ కెమెరాలు.

ఇది చెప్పాపెట్టకుండా వచ్చే జబ్బు కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ లోపల తిష్ఠవేసి, కణాలను మార్చి, క్యాన్సర్ దాకా తేవడానికి చాలామందిలో పదేళ్ళకు పైనే పడుతుంది. ఆ వ్యవధిలో క్రమం తప్పకుండా ముఖద్వారం నుంచి కణాలు తీసి చూస్తుంటే, మారినవాటిని క్యాన్సర్ కాకముందే తీసేయొచ్చు. 1988 నుంచి ఇంగ్లండ్‌లో నిర్ణీత వయసులోని స్త్రీలకు ఈ పరీక్షకు రమ్మని పేరుపేరునా ఉత్తరాలు వెళ్ళడం మొదలైంది. జేడ్‌కూ వెళ్ళింది. చిన్న వయసులోనే ఒకసారి మారిన కణాలు కనబడితే చికిత్స చేయించుకుంది. తరవాత మళ్ళీ తేడా ఉంది, రమ్మని ఉత్తరం వచ్చినప్పుడు వెళ్ళలేదు. భయమేసిందని తానే చెప్పింది.

దేశమంతా ఏమీ తెలియనిదని నవ్విన మనిషికి ఈ సంగతి మాత్రం తెలుసు. తెలిసీ వెళ్ళలేకపోయింది. పరీక్ష బల్ల మీద కాళ్ళు ఎడం చేసి పడుకోవాలంటే సిగ్గు, వాళ్ళేం చెబుతారోనని గుండెదడ. చదువుకున్నవాళ్ళూ ఇక్కడే ఆగిపోతారు. అవగాహన పెంచితే అన్నీ చక్కబడతాయని కరపత్రాలు వేసేవాళ్ళు ఈ భయాన్ని లెక్కలోకి తీసుకోరు.

ఆపరేషన్ అయింది. కీమో అయింది. 2009 ఫిబ్రవరికి జబ్బు కాలేయానికీ పేగుకూ పాకింది. జుట్టు రాలిన తలతోనే ఆ నెల 22న పెళ్ళి చేసుకుంది. ఆ ఫోటోలను, తన చివరి రోజులను కూడా పత్రికలకూ టీవీకీ అమ్మింది. తన ఇద్దరు పసివాళ్ళ చదువుకు డబ్బు కావాలంది. చావును అమ్ముకుంటోందన్నారు కొందరు. అమ్ముకోవడానికి ఆమె దగ్గర ఇంకేం మిగిలింది? సరిగ్గా నెలకు, మార్చి 22న, ఆ దేశంలో మాతృ దినోత్సవం నాడు కన్నుమూసింది. వయసు 27.

ఆ నెలలో ఇంగ్లండ్ క్లినిక్‌లకు మామూలుగా వచ్చేవాళ్ళ కన్నా 70 శాతం ఎక్కువ మంది ఆడవాళ్ళు వచ్చారు. 2008 మధ్య నుంచి ఏడాదిలో అదనంగా పరీక్ష చేయించుకున్నవాళ్ళు 4 లక్షలు దాటారు. వాళ్ళలో ఎన్నాళ్ళుగానో ఉత్తరాలు పక్కన పడేసినవాళ్ళున్నారు. తరవాత ఆ జోరు వానాకాలపు వాగులా తగ్గిపోయింది. 2018 నాటికి గడువులోపు పరీక్ష అయిన స్త్రీలు 71.4 శాతం. 2024లో 68.8. జేడ్ మరణం నేర్పింది ఒక తరం దాకా కూడా నిలవలేదు.

జేడ్ తన క్యాన్సర్ కబురు విన్నది మన గడ్డ మీద. 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళకు ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయాలని 2016లో కేంద్రం చెప్పింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏళ్ళ వాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 1.9 శాతం. పేరు పెట్టి ఇంటికి ఉత్తరం రాసే ఏర్పాటు ఇక్కడ లేదు. చాలామంది ఆడవాళ్ళు తెల్లబట్ట అవుతోందని, నడుం లాగేస్తోందని మందుల షాపులో మాత్రలు కొనుక్కుని ఏళ్ళు నెట్టుకొస్తారు. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడినా కూతురికి కూడా చెప్పరు. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రి మెట్లెక్కేసరికి చాలామందిలో జబ్బు ముదిరి ఉంటుంది.