పుస్తకంలోని ఇంగ్లీషు, నోటిలోని తెలుగు: తొలి అభ్యాసకుల వాక్యాలపై ఒక చారిత్రక పరిశీలన

నిత్యవ్యవహారంలోని ఇంగ్లీషు మాటలను, చిన్న చిన్న వాక్యాలను తెలుగువారికి నేర్పే పుస్తకాలకు సాహిత్య చరిత్రలో చోటు లేదు. విద్యా చరిత్రలో ఉన్న చోటు కూడా స్వల్పమే. వాటిని పరీక్షకో ఉద్యోగానికో పనికివచ్చిన సాధనాలుగా చూడడమే ఇందుకు కారణం. అయితే ఒక భాషను కొత్తగా నేర్చుకొనేవాడి చేతిలో మొదట ఏ మాటలు పెట్టారు, ఆ మాటలు ఎవరు ఎవరితో అనదగినవి అన్న ప్రశ్నలు వేసుకొంటే, తెలుగు భాషా చరిత్రలోని ఒక ప్రధాన ఘట్టానికి ఈ పుస్తకాలతో ఉన్న సంబంధం బయటపడుతుంది. గ్రాంథిక వ్యావహారిక వివాదం తెలుగు కావ్యభాష గురించి పుట్టిన తగవుగానే ప్రసిద్ధం. దాని మూలంలో పరభాషా బోధనకు సంబంధించిన ప్రశ్న ఒకటి ఉంది. ఆ ప్రశ్నను అనుసరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తిరుగుదిశలో మొదలైన ప్రయాణం

తెలుగు, ఇంగ్లీషు భాషలను పక్కపక్కన పెట్టిన తొలి బోధనాగ్రంథాలలో ముఖ్యమైనవి తెలుగువారి కోసం పుట్టినవి కావు. కంపెనీ కొలువులో చేరిన యువ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాల ఏర్పడింది. ఆ వాతావరణంలోనే ఎ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో, ఆయన నిఘంటువు 1821లో వెలువడ్డాయి. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఆ తరువాత మూడు దశాబ్దాలకు పైగా చేసిన కృషి సుప్రసిద్ధం. ఆయన నిఘంటువుల వెలుగులో మరుగున పడిన చిన్న పుస్తకాలు రెండున్నాయి. ఒకటి తెలుగు, ఇంగ్లీషు భాషల సంభాషణల సంపుటి. రెండవది రెండు భాషల నుడికారాన్ని వాక్యాల ద్వారా అభ్యాసం చేయించే ‘వాక్యావళి’. కావ్యాలను పరిష్కరించి అచ్చువేయించిన బ్రౌన్, భాష నేర్చుకొనేవాడికి కావ్యం కంటె ముందు జనం మాట్లాడే వాక్యం కావాలని గుర్తించారనడానికి ఇవి సాక్ష్యాలు.

మచిలీపట్నంలో పనిచేసిన మిషనరీ ఎ.హెచ్. ఆర్డెన్ 1873లో ప్రకటించిన తెలుగు వ్యాకరణంలో ఈ దృష్టి ఇంకా స్పష్టమైంది. ఆయన మాట్లాడే తెలుగును, వ్యాకరణ గ్రంథాలు అంగీకరించిన తెలుగును విడదీసి, మొదటిదానిని ముందు నేర్పారు. రచ్చబండ దగ్గర రైతు మాట అర్థం కాని అధికారికీ, సంతలో నలుగురితో మాట్లాడలేని మత ప్రచారకుడికీ వసుచరిత్ర అక్కరకు రాదు. పాలన, ప్రచారం అనే అవసరాలే వారిని వాడుక భాష వైపు నడిపించాయి. ప్రయోజనం ఏదైనా, పద్ధతి మాత్రం సరైనది.

ఇదే కాలంలో తెలుగువాడికి ఇంగ్లీషు ఎలా అందిందో చూస్తే తేడా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. తొలి తరం వారు ఇంగ్లీషును కచేరీలలో, దొరల కొలువులో, చెవితో విని నేర్చినవారు. వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) వంటి బహుభాషావేత్తలకు దస్తావేజులు, అనువాదాలు, అధికారులతో నిత్య సంభాషణ కూడా పాఠశాలలే. సదర్ అదాలతులో అనువాదకుడుగా పనిచేసిన ఆయన ఇంగ్లీషులో రాసుకొన్న స్వీయచరిత్ర 1873లో అచ్చయింది. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడుగా 1820లో సమర్పించిన నివేదికలో ఆయన, అర్థం తెలియకుండా పద్యాలు వల్లెవేయించే బడి చదువును విమర్శించారు. ఆ విమర్శ దేశభాషల బోధనకు సంబంధించినది. కొద్ది దశాబ్దాలలోనే అది ఇంగ్లీషు బోధనకూ అక్షరాలా వర్తించింది.

1835లో బెంటింకు ప్రభుత్వం ఇంగ్లీషు విద్యను తన విధానంగా ప్రకటించింది. 1844లో హార్డింజి ప్రభుత్వ ఉద్యోగాలలో ఇంగ్లీషు చదివినవారికి ప్రాధాన్యం ఇచ్చారు. 1843లో మచిలీపట్నంలో నోబుల్ పాఠశాల, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. ఈ క్రమంలో ఇంగ్లీషు చెవి నుంచి కంటికి మారింది. కొలువులో విని నేర్చే భాష పోయి, పరీక్షలో రాసే భాష వచ్చింది. దొరకు వాడుక తెలుగు ముందు. తెలుగు కుర్రవాడికి మిల్టను ముందు. ఒకే శతాబ్దంలో, ఒకే రాజధానిలో, రెండు భాషల బోధన రెండు విరుద్ధ సూత్రాల మీద నడిచింది. ఈ వైరుధ్యాన్ని విద్యా చరిత్రకారులు తగినంతగా పట్టించుకోలేదు.

గిరీశం పాఠం

పట్టించుకొన్నవాడు నాటకకర్త. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో ఇప్పుడు చదువుతున్న రూపం పొందిన ‘కన్యాశుల్కం’లో, కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే విని ఆనందించాలన్న తల్లి ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం చేసే ‘సంభాషణ’ తెలిసిందే. ఆ సన్నివేశాన్ని హాస్యంగా చదివి వదిలేయడం పరిపాటి. కాని అందులోని ముక్కలను విడదీసి చూస్తే అది ఆనాటి పాఠ్యప్రణాళికకు నమూనా. శిశుగీతం ఒకటి, ప్రథమ వాచకం నుంచి ఒక వాక్యం, తగలబడుతున్న ఓడ మీది బాలుడి పద్యం, రేఖాగణిత సిద్ధాంతం, మిల్టను మహాకావ్యం మొదటి పాదం, నామవాచకాల బహువచన సూత్రం. ఒకరి మాటకు మరొకరి మాట జవాబు కాదు. అయినా ఇద్దరూ వరుస తప్పకుండా మాట్లాడుతున్నారు, తల్లి సంతోషిస్తున్నది.

ఇక్కడ గురజాడ చూపినది వెంకటేశం తెలివితక్కువతనం మాత్రమే కాదు. ఆ కుర్రవాడి నోట ఇంగ్లీషు ఉంది. కాని దాహంగా ఉందని చెప్పడానికి, దారి అడగడానికి, అమ్మ ఎలా ఉందంటే జవాబు ఇవ్వడానికి పనికివచ్చే ఒక్క వాక్యమూ అందులో లేదు. పదసంపద లేకపోవడం వేరు, ఉన్న పదసంపదకు సందర్భం లేకపోవడం వేరు. రెండవదే ఇక్కడి లోపం. ఆ లోపం శిష్యుడిది కాదు, గిరీశానిదీ కాదు. ఆ ముక్కలను ఆ వరుసలో అందించిన చదువుది.

యేట్సు ప్రశ్న

19వ శతాబ్ది చివరి పాదంలో యూరపులో భాషాబోధన గురించి పెద్ద చర్చ జరిగింది. అనువాదం ద్వారా, వ్యాకరణ సూత్రాల ద్వారా కాక, వస్తువును చూపి, పనిని చేసి, మాటను వినిపించి భాష నేర్పాలన్న ‘ప్రత్యక్ష పద్ధతి’ ఆ చర్చ ఫలితమే. హెన్రీ స్వీట్ వంటి భాషావేత్తలు మాట్లాడే భాషే అసలు భాష, రాత దానికి ప్రతిబింబం అని వాదించారు.

20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఎ. యేట్సు తెలుగు నేర్చుకోబోయి ఒక చిక్కులో పడ్డారు. వాచకంలో ఉన్న తెలుగు ఉపాధ్యాయుల నోట లేదు, వారి నోట ఉన్న తెలుగు వాచకంలో లేదు. ఇది ఎందుకని ఆయన అడిగారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నను అందుకొన్నారు. తరువాతి కథ అందరికీ తెలుసు: 1913లో గిడుగు ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో రాసిన విజ్ఞాపన, 1914లో విశ్వవిద్యాలయానికి గురజాడ సమర్పించిన అసమ్మతి పత్రం, పండితుల ప్రతిఘటన.

వివాదం నన్నయ, చిన్నయల పేర్ల మీదుగా సాగినందువల్ల దాని మొదటి సందర్భం మరపున పడింది. పరభాషను తొలిసారి నేర్చుకొంటున్న ఒక వయోజనుడి ఇబ్బంది అది. ఇంగ్లీషు బోధనలో సజీవమైన మాట ముందు, పుస్తకం తరువాత అన్న సూత్రాన్ని అంగీకరిస్తే, తెలుగుకు దానిని ఎందుకు నిరాకరించాలన్నది తప్పించుకోరాని ప్రశ్న. గిడుగు అప్పటికే సవర భాషను సవరల నోట విని నేర్చి, వారి పిల్లలకు వాచకాలు తయారుచేసినవారు. తొలి పాఠానికి ఏ వాక్యం కావాలో ఆయన గ్రంథాల వల్ల తెలుసుకోలేదు. వ్యావహారిక వాదానికి ఆయన తెచ్చిన పట్టుదలకు ఈ అనుభవమే ముఖ్యాధారమని భావించడం సమంజసం.

రెండు వరుసల మధ్య

మాట ముందు అని అంగీకరించినంత మాత్రాన పని సులువు కాదు. ఇంగ్లీషు మాట ఒక వరుసలో, తెలుగు అర్థం మరొక వరుసలో పెట్టే పట్టిక, రెండు భాషలు లోకాన్ని ఒకే విధంగా ముక్కలు చేస్తాయన్న నమ్మకం మీద నిలుస్తుంది. మొదటి పాఠంలోనే ఆ నమ్మకం చెదురుతుంది. ‘ఇది పుస్తకం’ అనడానికి తెలుగుకు రెండు మాటలు చాలు. ‘దిస్ ఈజ్ ఎ బుక్’ అనడానికి నాలుగు కావాలి. అదనంగా వచ్చిన ఆ రెండు మాటలకు తెలుగు వరుసలో రాయడానికి ఏమీ లేదు. ‘నాకు ఇద్దరు అన్నలు’ అన్న వాక్యంలో ‘నాకు’ అన్నది ‘కు’ ప్రత్యయం చేరిన రూపం. ఇంగ్లీషులో అదే కర్త అవుతుంది, అన్నలు ఆస్తి వలె కర్మస్థానంలోకి వెళ్తారు. తొలి పాఠం అన్నింటికంటె సులువైనదన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క విషయమే ప్రశ్నిస్తుంది.

పదాల స్థాయిలో చిక్కు ఇంకా పెద్దది. ‘రైస్’ ఎదురుగా ఏ మాట రాయాలి? పొలంలో వరి, గాదెలో వడ్లు, చేటలో బియ్యం, విస్తట్లో అన్నం. ఏది రాసినా మిగతా మూడు జారిపోతాయి. ‘అంకుల్’ ఎదురుగా పెదనాన్న, బాబాయి, మేనమామ ముగ్గురూ నిలబడాలి. తెలుగువారి ఇంగ్లీషులో వినిపించే ‘కజిన్ బ్రదర్’ అనే ప్రయోగాన్ని తప్పుల పట్టికలో చేర్చడం ఉపాధ్యాయులకు అలవాటు. కాని అది అజ్ఞానం వల్ల పుట్టినది కాదు. పెదనాన్న కొడుకు అన్న, మేనత్త కొడుకు బావ. ఒకరితో పెళ్ళి నిషిద్ధం, మరొకరితో సమ్మతం. ఈ ఇద్దరినీ ‘కజిన్’ అనే ఒక్క మాట కలిపివేస్తే, తెలుగు మనసు దానికి ‘బ్రదర్’ చేర్చి బంధుత్వ వ్యవస్థను కాపాడుకొంది.

‘కమ్ హియర్’ అన్నదానికి ‘రా’ అని రాయాలా, ‘రండి’ అని రాయాలా అన్నది అర్థానికి మించిన విషయం. దొరల కోసం రాసిన పుస్తకాలలో ఇది వ్యవహార సమస్య: ఎవరిని ‘రా’ అనవచ్చు, ఎవరిని అనకూడదు అన్నది తెలియకపోతే పని చెడుతుంది. తెలుగువాడి కోసం రాసిన పుస్తకంలో అదే చోట తేడా మాయమవుతుంది. పాలేరుకూ పంతులుకూ ఒకే ‘యూ’ చాలునని తెలిసిన అభ్యాసకుడికి అది మొదట అమర్యాదగా, కొందరికి విముక్తిగా తోచి ఉండాలి. లోపించిన మర్యాదను పూరించడానికే తెలుగువారు ఇంగ్లీషు వాక్యంలో ‘సార్’, ‘మేడమ్’ అనే మాటలను ‘అండీ’ వలె అడుగడుగునా వాడుతున్నారని ఊహించవచ్చు.

మర్యాద మాటలది మరొక దారి. మేలు చేసినవారిని ‘చల్లగా ఉండు నాయనా’ అనడం, ‘నీకు పుణ్యముంటుంది’ అనడం తెలుగు పద్ధతి. చిన్నవాడు పెద్దవారితో అనదగిన క్లుప్తమైన మాట వాడుకలో స్థిరపడలేదు. ‘కృతజ్ఞతలు’, ‘ధన్యవాదాలు’ సభావేదికల మాటలు. ‘థాంక్స్’, ‘సారీ’ ఇంత వేగంగా అక్షరాస్యత లేని నోళ్ళలోకీ వెళ్ళడానికి కారణం అనుకరణ ఒక్కటే కాదు. వయసుతో వరుసతో నిమిత్తం లేని మాట అవసరం కూడా. సెలవు తీసుకొనేటప్పుడు జరిగింది దీనికి విరుద్ధం. ‘వెళ్తాను’ అనడం అశుభమని ‘వెళ్ళొస్తాను’ అనే తెలుగువాడు, ‘ఐ యామ్ గోయింగ్’ అన్న పాఠం చదివిన తరువాత కూడా ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటూనే ఉన్నాడు. అక్కడ పాఠ్యపుస్తకం ఓడింది.

నడిమి వరుస

20వ శతాబ్దిలో బస్టాండులలో, రైల్వే స్టేషన్లలో అమ్మకానికి వచ్చిన ‘ముప్ఫై రోజుల’ పుస్తకాలు బడి వదిలేసిన పనిని తలకెత్తుకొన్నాయి. అంగడిలో, ఆసుపత్రిలో, టికెట్ల కిటికీ దగ్గర అనవలసిన వాక్యాలు వీటి సరుకు. బ్రౌను సంభాషణల పుస్తకానికి ఇవి తెలియకుండానే వారసులు, దిశ మాత్రం మారింది. వీటిలోని అనువాదాల మీద చెప్పదగిన ఆక్షేపణలు చాలా ఉన్నాయి. కాని భాషా పరిశోధకుడికి ఇవి ఇచ్చే సామగ్రి మరొక చోట లేదు. ఇంగ్లీషు వాక్యానికీ తెలుగు అర్థానికీ నడుమ, తెలుగు లిపిలో ఉచ్చారణను సూచించే వరుస అది.

తెలుగు లిపికి హ్రస్వ ఎకార ఒకారాలు ఉండడం ఇక్కడ కలిసివచ్చింది. ‘పెన్’, ‘టెన్’ వంటి మాటలు ఇబ్బంది లేకుండా కుదిరాయి. ‘బ్యాంకు’లోని అచ్చుకు అక్షరం లేక ‘బాంకు’, ‘బ్యాంకు’ అనే రెండు రాతలు ఏర్పడ్డాయి. ఇంగ్లీషు చెవికి వేరైన రెండు ధ్వనులు వకారంలో ఒకటయ్యాయి. హల్లుతో ముగిసే మాటలు బస్సు, కారు, పెన్ను అని ఉకారం తెచ్చుకొని తెలుగు నామాల వలె విభక్తులకు లొంగాయి. ‘ఫిల్మ్’ మధ్య అచ్చు చేరి ‘ఫిలిం’ అయింది. నడిమి వరుసలో రాసినవాడు ఇంగ్లీషు ఉచ్చారణను చూపుతున్నాననుకొని, నిజానికి తెలుగు నోరు ఆ మాటను ఎలా పలికిందో నమోదు చేశాడు. ఒకే పుస్తకపు వేర్వేరు ముద్రణలలో ‘బస్సు’ ఎప్పుడు ‘బస్’ అయింది, ‘బాంకు’ ఎక్కడ ‘బ్యాంక్’గా మారింది అన్నవి ప్రతి పక్కన ప్రతి పెట్టి పోల్చి చూడవలసిన విషయాలు.