సామాజిక శాస్త్ర పరిశోధనలో కారణత్వం

సామాజిక శాస్త్ర పరిశోధనలో కారణత్వం అనగా ఒక సామాజిక మార్పుకు ఫలానాది కారణమని ఏ ఆధారంతో నిర్ణయించవచ్చునో పరిశీలించే తాత్త్విక విషయం. ఉదాహరణకు హైదరాబాదులోని బేగంబజార్ టోకు దుకాణాలలో సరుకు కొని వీధులలో అమ్ముకొనే ఒక చిరువ్యాపారికి అప్పు తీసుకున్న తరువాత అమ్మకాలు పెరిగాయనుకుందాం. దీనికి కారణం అప్పా, పండుగల గిరాకీయా, లేక ఆ వ్యాపారి సహజమైన చొరవా అన్నది ప్రశ్న.

ముఖ్య దృక్పథాలు

* న్యాయ దర్శనం: కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేదే కారణం. కుండకు మట్టి కారణం. ఆ మట్టిని మోసిన గాడిద కారణం కాదు. ఇటువంటి వాటిని అన్యథాసిద్ధాలు అంటారు. 17వ శతాబ్దికి చెందిన అన్నంభట్టు తర్కసంగ్రహంలో కారణ లక్షణాన్ని సంగ్రహంగా వివరించాడు.
* డేవిడ్ హ్యూమ్ (1711–1776): కారణశక్తి కంటికి కనబడదు. రెండు సంఘటనలు ఎల్లప్పుడూ ఒకదాని వెంట ఒకటి రావడమే మనకు తెలిసేది.
* జాన్ స్టువర్ట్ మిల్: అన్ని విధాలా సమానమైన రెండు సందర్భాలలో ఒకే ఒక్క తేడా ఉంటే, ఫలితంలోని భేదానికి ఆ తేడాయే కారణమని 1843లో ప్రతిపాదించాడు. న్యాయశాస్త్రంలోని అన్వయ వ్యతిరేక పద్ధతి దీనికి దగ్గరగా ఉంటుంది.
* మాక్స్ వెబర్ (1864–1920): మనిషి తన చర్యకు ఇచ్చుకొనే అర్థాన్ని గ్రహించనిదే కారణ వివరణ పూర్తి కాదు.
* డేవిడ్ లూయిస్: మొదటి సంఘటన జరగకపోయి ఉంటే రెండవది జరిగేది కాదని చెప్పగలిగినప్పుడు మొదటిది కారణమని 1973లో వివరించాడు.

హైదరాబాదు అధ్యయనం

అప్పు తీసుకోకపోయి ఉంటే అదే కుటుంబం ఎలా ఉండేదో ఎవరూ చూడలేరు. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ ఈ చిక్కును అధిగమించడానికి హైదరాబాదులో 104 పేద బస్తీలను ఎంచుకున్నారు. వాటిలో 52 బస్తీలను లాటరీ పద్ధతిలో నిర్ణయించి, స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థ శాఖలను ముందుగా అక్కడ తెరిపించారు. 2015లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం అప్పటికే ఉన్న వ్యాపారాలలో పెట్టుబడి పెరిగింది. సగటు కుటుంబ వ్యయం, పిల్లల చదువు, స్త్రీల సాధికారతలలో మాత్రం చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. బెనర్జీ, డుఫ్లోలకు మైఖేల్ క్రెమర్‌తో కలిపి 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

పరిమితులు

ఒకచోట పనిచేసిన కారణం మరొకచోట పనిచేస్తుందన్న హామీ లేదని తత్త్వవేత్త నాన్సీ కార్ట్‌రైట్ విమర్శించింది. పైగా ఇటువంటి ప్రయోగం సగటు ప్రభావాన్ని మాత్రమే తెలుపుతుంది. వసూళ్ళ ఒత్తిడి వలన ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణల నేపథ్యంలో 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థలను నియంత్రిస్తూ ఆర్డినెన్సు జారీ చేసింది. సగటున హాని కనబడనంత మాత్రాన ఒక కుటుంబంలోని మరణానికి అప్పు కారణం కాదని చెప్పలేము. అలాగే ఒక మరణాన్ని బట్టి అప్పులన్నీ హానికరమనీ చెప్పలేము. మొదటి ప్రశ్నకు ఆ కుటుంబ పరిస్థితుల విచారణ, రెండవదానికి బస్తీల మధ్య పోలిక అవసరం.